సిద్దిపేట మృత్తికా కళ: అగ్నిశిలల నేల, ఆవం నిప్పు

సిద్దిపేట జిల్లాలో అగ్నిపర్వతం లేదు. దక్కను లావా పొరలు చూడాలంటే పడమటికి వెళ్లి సంగారెడ్డి దాటి జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు పోవాలి. అయినా ఇక్కడి కుమ్మరి చేతిలోని మన్నుకు పుట్టిల్లు నిప్పే. జిల్లాలో నేల అడుగున పరుచుకున్న గ్రానైటు, దాన్ని చీల్చుకుని చొచ్చుకువచ్చిన నల్లరాయి రెండూ భూగర్భంలో కరిగి చల్లారిన అగ్నిశిలలు. అవి కోట్ల ఏళ్లు ఎండకు ఎండి వానకు నాని చివికి మన్నయ్యాయి. ఆ మన్ను చెరువు చేరింది, చెరువు నుంచి సారె మీదికి ఎక్కింది, సారె నుంచి మళ్లీ నిప్పుల్లోకి వెళ్లింది. అగ్నిపర్వత దృశ్యాలను కళారూపాల్లో చూపే సిరామిక్ శిల్పం ప్రపంచంలో చాలా చోట్ల ఉంది. సిద్దిపేట ప్రాంతపు ప్రత్యేకత వేరు: అగ్నిశిల ఇక్కడ బొమ్మగా కాక ముడిసరుకుగా కుండలో ఉంది. ఈ వ్యాసం ప్రధానంగా ఆ ముడిసరుకు గురించి, దాన్ని కాల్చే పద్ధతి గురించి.

నేల

సిద్దిపేట నేల తూర్పు ధార్వాడ్ క్రేటాన్ అనే అతి ప్రాచీన శిలాఖండంలో భాగం. ఇక్కడి గ్రానైట్లు, నైస్ శిలల్లో అధికభాగం వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. గ్రానైటులో ప్రధానంగా ఉండేవి పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, కొద్దిగా అభ్రకం. పలుగురాయికి చావు లేదు. ఎన్నేళ్లు గడిచినా ఇసుక రేణువుగా మిగులుతుంది. ఫెల్డ్‌స్పార్ మాత్రం నీటి తాకిడికి మెత్తబడి బంకమన్ను అవుతుంది. ఇనుము తక్కువగా ఉన్న చోట తెల్లటి కేయొలిన్‌గా మారుతుంది. బండ పూర్తిగా మన్ను కాకముందు, సగం చివికిన దశలో ఉన్నదే మనం రోడ్లకు పరిచే మొరం.

ఈ గ్రానైటు పగుళ్లలోకి కింద నుంచి శిలాద్రవం ఎక్కి గోడల్లా గట్టిపడింది. భూగర్భ శాస్త్రవేత్తలు వీటిని డోలరైట్ డైకులంటారు, ఊళ్లలో నల్లరాయి అంటారు. తూర్పు ధార్వాడ్‌లో ఇలాంటి డైకుల గుంపులు చాలా ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి 237 కోట్ల నుంచి 218 కోట్ల ఏళ్ల నాటివి. పింక్, బూడిద రంగు గుండ్ల మధ్య కిలోమీటర్ల పొడవున నల్లటి రాళ్ల వరుస కనిపిస్తే అది దాదాపుగా డైకే. డోలరైటుకూ బసాల్టుకూ రసాయనికంగా పెద్ద తేడా లేదు. ఆ జాతి శిలాద్రవం భూమి పైకి వచ్చి పొర్లితే బసాల్టు, పైకి చేరకుండా పగుళ్లలోనే చల్లారితే డోలరైటు. అంటే సిద్దిపేటలో కనిపించే డైకులు అగ్నిపర్వతాల కింది గొట్టాల లాంటివి. పైన ఏదైనా ఉండి ఉంటే అది ఏనాడో కొట్టుకుపోయింది.

పడమట ఉన్న దక్కను లావా దీనికంటే ఎంతో చిన్న వయసుది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి ఆ లావా ఇప్పటికీ దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర మిగిలి ఉంది. దాని తూర్పు అంచు వికారాబాద్, సంగారెడ్డి, కామారెడ్డి, ఆదిలాబాద్ జిల్లాల్లోకి వస్తుంది. ఒక లావా పొరకూ మరో పొరకూ మధ్య కొన్ని చోట్ల ఎర్రటి మట్టి పట్టీ కనిపిస్తుంది. ఒకసారి లావా పారాక చాలాకాలం విరామం దొరికి, ఆ లోపు ఏర్పడిన మట్టి అది. తర్వాత మీద పారిన లావా వేడికి దాని పైభాగం కొంత కాలింది కూడా. మనిషి చెయ్యి పడకుండా తయారైన కాల్చిన మన్ను అనదగినది ఇదే.

బసాల్టు, డోలరైటు చివికితే నల్లరేగడి వస్తుంది. గ్రానైటు చివికితే ఎర్రటి చెల్క, దుబ్బ నేలలు వస్తాయి. సిద్దిపేట జిల్లాలో ఈ రెండు రకాలూ పక్కపక్కనే ఉంటాయి. వాన పడినప్పుడు రెండింటి సారమూ కూడవెల్లి వాగు, మోయతుమ్మెద వాగు పరీవాహకంలోని చిన్నా పెద్దా చెరువులకు చేరుతుంది. బరువైన ఇసుక ఎగువన, వాగు చెరువులో కలిసే చోట ఆగిపోతుంది. సన్నటి ఒండ్రు కట్ట దగ్గర లోతులో పేరుకుంటుంది. చెరువులో ఎక్కడ తవ్వాలో కుమ్మరికి తెలిసిన విద్యలో సగం ఇదే.

మన్ను కలపడం, సారె

నల్లరేగడిలోని స్మెక్టైట్ జాతి బంక తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బిగుసుకుంటుంది. ఒట్టి రేగడితో కుండ చేస్తే ఆరేలోపే నెర్రెలు బారుతుంది. చెల్క మన్నుది దీనికి ఎదురు గుణం. అందులో ఇసుక ఎక్కువ, జిగురు తక్కువ, సారె మీద గోడ లేవదు. అందుకే రెండు మూడు చోట్ల మన్ను తెచ్చి కలుపుతారు. ఎండబెట్టి, చితగ్గొట్టి, రాళ్లు ఏరి, నానబెట్టి, కాళ్లతో తొక్కుతారు. జల్లెడ పట్టిన బూడిద, సన్న ఇసుక, కొన్ని చోట్ల ఊక లేదా గాడిద లద్దె కలుపుతారు. ఊక, లద్దె కుండలు కాల్చే ఆవంలో కాలిపోయి సన్నటి రంధ్రాలు మిగులుతాయి. ఇసుక రేణువులు మాత్రం గోడలో అలాగే ఉండిపోయి, పొయ్యి మీద పెట్టినప్పుడు పగులు పుట్టినా ముందుకు పాకకుండా అడ్డుకుంటాయి. వంటకుండకు ఇసుక ఎక్కువ, నీళ్ల కుండకు తక్కువ అన్న లెక్క ఏ పుస్తకంలోనూ చూసి నేర్చుకున్నది కాదు.

గుండ్రటి అడుగున్న కుండ సారె మీద పూర్తి కాదన్నది బయటివాళ్లకు తెలియని సంగతి. సారె మీద వచ్చేది మూతి, మెడ, మందమైన గోడ మాత్రమే. దారంతో కోసి కింద పెట్టాక అడుగు తెరుచుకునే ఉంటుంది. నీడన కాస్త బిగిశాక లోపల గుండ్రటి రాయి ఆనించి, బయట చెక్కతో కొడుతూ తిప్పుతారు. దెబ్బ దెబ్బకూ గోడ పలచబడుతూ, పొట్ట ఉబ్బుతూ, అడుగు మూసుకుపోతుంది. చేతిలో ఉన్నప్పుడు కుండ చప్పుడు మారుతుంది. మొదట చప్పగా ఉండే దెబ్బ పలచబడిన కొద్దీ కొంచెం మోగుతుంది. కొట్టేవాళ్లు కంటితో కంటే చెవితోనే ఎక్కువ చూస్తారేమో అనిపిస్తుంది. సారె తిప్పేది సాధారణంగా మగవాళ్లు. మన్ను తొక్కడం, పూత పెట్టడం, ఆవం పేర్చడం మాత్రం ఇంటిల్లిపాదీ చేసే పని. సారె ముందు కూర్చున్న ఒక్క మనిషి బొమ్మ వేసి దానికి కుమ్మరి వృత్తి అని పేరు పెట్టడం న్యాయం కాదు.

ఎండిన కుండకు జాజు పూస్తారు. జాజు అంటే ఇనుము సమృద్ధిగా ఉన్న ఎర్రమన్ను. దాన్ని నీళ్లలో తేర్చి పలచటి పూతగా పెట్టి, ఆరీ ఆరకముందే నున్నటి రాయితో రుద్దితే కాలిన తర్వాత మెరుపు నిలుస్తుంది.

కుండ, రంజన్, కూజా, కాగు, గురిగి, లొట్టి, కంచుడు, మూకుడు, ప్రమిద, పైకప్పుకు గూన పెంకులు: పాతకాలపు ఇంటికి కుమ్మరి ఇచ్చిన సరుకు ఇంత. ఇందులో గూన పెంకుల గిరాకీ దాదాపు లేదు. రంజన్లు, కూజాలు ఎండాకాలంలో ఇప్పటికీ రోడ్ల పక్కన కనిపిస్తాయి.

ఆవం

సిద్దిపేట ప్రాంతంలో కుండల్ని కాల్చేది గోడలూ పొగగొట్టమూ ఉన్న కొలిమిలో కాదు, నేల మీదనే. కట్టెలు, పిడకలు, గడ్డి పరిచి, వాటి మీద కుండలు బోర్లా పేర్చి, సందుల్లో మళ్లీ పిడకలు దూర్చి, పైన గడ్డి కప్పి, దాని మీద పలచగా మన్ను లేదా బూడిద మెత్తుతారు. అక్కడక్కడా గాలి కోసం కన్నాలు వదులుతారు. వాన పడితే ఈ ఏర్పాటు అంతా బురద. అందుకే మాఘం నుంచి వైశాఖం దాకా ఆవాల కాలం.

లోపల జరిగేది రాతి పుట్టుకకు తలకిందులైన కథ. 100 డిగ్రీల దాకా మన్నులో మిగిలిన తేమ పోతుంది; ఈ దశలో తొందరపడితే ఆవిరి కుండను పేలుస్తుంది. 450 నుంచి 600 డిగ్రీల మధ్య బంకమన్ను స్ఫటికంలో బందీగా ఉన్న నీరు కూడా వదిలిపోతుంది. ఇక ఆ మన్నును ఎన్ని నీళ్లు పోసి నానబెట్టినా తిరిగి బంక కాదు. 573 డిగ్రీల దగ్గర పలుగురాయి రేణువులు ఒక్కసారిగా కొద్దిగా ఉబ్బుతాయి, చల్లారేటప్పుడు మళ్లీ అక్కడే ముడుచుకుంటాయి. ఆవాన్ని అంత తేలిగ్గా విప్పకపోవడానికి ఇది ఒక కారణం. తర్వాత 700, 850 డిగ్రీల మధ్య, పిడకల సందుల్లో కుండలు ఎర్రగా వెలిగే చోట ఆవం వేడి ఆగుతుంది. బసాల్టు లావా వేడి సుమారు 1,100 నుంచి 1,200 డిగ్రీలు. ఆవం అంత దూరం పోదు, పోకూడదు కూడా. వెయ్యి దాటితే మన్ను గాజులా కరిగి సందులు మూసుకుపోతాయి. అప్పుడు కుండ చెమర్చదు, చెమర్చని కుండలో నీళ్లు చల్లబడవు. వేడి తక్కువ కాబట్టి ఇది వెనకబడిన పద్ధతి అని తేల్చేసే వాళ్లు ఎండాకాలం కూజా నీళ్లు తాగకుండా మాట్లాడుతున్నారన్నమాట.

రంగు మన్ను మీద ఎంత ఆధారపడుతుందో గాలి మీద కూడా అంతే ఆధారపడుతుంది. ప్రాణవాయువు బాగా అందితే మన్నులోని ఇనుము ఎర్ర ఆక్సైడ్‌గా మారి కుండ ఎర్రబడుతుంది. గాలి బిగిస్తే ఇనుము నల్ల ఆక్సైడ్ అవుతుంది, పొగలోని కార్బన్ కూడా గోడలోకి ఇంకుతుంది. లొట్టి నల్లగా, రంజన్ ఎర్రగా ఉండటానికి ఒకే చెరువు మన్ను చాలు.

నర్మెట్ట, పుల్లూరు సమాధులు

ఈ గాలి ఆటను ఇనుప యుగం నాటి కుమ్మరులు బాగా ఎరుగుదురు. సిద్దిపేట జిల్లాలో నర్మెట్ట, పుల్లూరు, పాలమాకుల ఊళ్ల దగ్గర బృహత్ శిలా సమాధులున్నాయి. 2017లో తెలంగాణ వారసత్వ శాఖ ఇక్కడ తవ్వకాలు జరిపింది. నర్మెట్టలో సమాధిని మూసిన రాతి మూత బరువు నలభై టన్నులకు పైబడి ఉంటుందని అంచనా. దాన్ని తొలగించడానికి క్రేన్ తేవాల్సి వచ్చింది. సమాధుల్లో ఎముకలతోపాటు కుండలు, కుండల కింద పెట్టే మట్టి చుట్టలు దొరికాయి. తెలంగాణలో ఇలాంటి సమాధులను స్థూలంగా క్రీస్తు పూర్వపు తొలి సహస్రాబ్దికి చెందినవిగా లెక్కిస్తారు.

ఈ కాలపు విశిష్ట పాత్ర నలుపు-ఎరుపు కుండ. పెంకు ముక్కను విరిచి చూస్తే లోపలి ముఖం, మూతి అంచు నల్లగా ఉంటాయి, బయటి కింది భాగం ఎర్రగా ఉంటుంది, రెండింటి మధ్య గీత గీసినట్టు కాక మంచులా కలిసిపోతుంది. కుండను బోర్లించి మూతిని బూడిదలో, గడ్డిలో కూరి కాలిస్తే లోపలికీ అంచుకూ గాలి అందదు. బయటి భాగానికి అందుతుంది. ఒకే మంటలో రెండు రంగులు. మొదట పూర్తిగా ఎర్రగా కాల్చి తర్వాత రెండోసారి పొగ పట్టించారన్న వాదన కూడా పండితుల్లో ఉంది.

ఆ మూతరాళ్లకూ నిప్పుతో సంబంధం ఉండి ఉండవచ్చు. వడ్డెరలు ఇటీవలి తరాల దాకా దక్కనులో బండను ఇనుముతోనే కాక మంటతో కూడా లేపేవారు. గ్రానైటు మీద కట్టెలు పేర్చి నిప్పు పెడితే పై పొర వేడెక్కి వ్యాకోచిస్తుంది, చల్లటి కింది పొర కదలదు. మంటను నెమ్మదిగా జరుపుకుంటూ పోతే పొర బండ నుంచి విడిపోతుంది. సుత్తితో తట్టి బోలు చప్పుడు ఎక్కడిదాకా వచ్చిందో చూసుకుంటారు. అంత వెడల్పాటి పలకలు గ్రానైటు నుంచి ఎలా ఊడి వస్తాయో అర్థం కావాలంటే ఈ పనితనం తెలియాలి.

కొండాపూర్ తెల్లమన్ను

సిద్దిపేట ఒకప్పుడు ఉన్న పాత మెదక్ జిల్లాలోనే, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలో, కొండాపూర్ శాతవాహన పట్టణం ఉంది. హైదరాబాద్ సంస్థాన పురావస్తు శాఖ తరఫున ఖ్వాజా మహమ్మద్ అహ్మద్ 1940ల తొలినాళ్లలో ఇక్కడ తవ్వించాడు. నాణేలతోపాటు ఎన్నో మట్టిబొమ్మలు బయటపడ్డాయి. వాటిలో చాలావాటిని కేయొలిన్‌తో చేశారు. రెండు అచ్చులలో ముందూ వెనుకా వేరువేరుగా ఒత్తి, అతికించి, లోపల బోలుగా ఉంచిన బొమ్మలు. జడలు, కొప్పులు, ఆభరణాలు సూదిమొన అంత వివరంగా కనిపిస్తాయి. ఇనుము లేని మన్ను కాబట్టి కాలినా తెల్లగానో లేత గంధపు రంగులోనో నిలిచాయి. గ్రానైటులోని ఫెల్డ్‌స్పార్ చివికి ఏర్పడే ఈ మన్ను ఎక్కడుందో వెతికి, దాన్ని కుండలకు వాడకుండా బొమ్మలకే కేటాయించడం ఆ శిల్పుల ఎంపిక. దక్కను మృత్తికా శిల్పంలో ఇంతకంటే నాజూకైన పని తక్కువ. బొమ్మలు అక్కడి పురావస్తు ప్రదర్శనశాలలో చూడవచ్చు.

లావాను మించిన మూసలు

తెలంగాణలో మట్టి తట్టుకున్న అత్యధిక వేడి కుండలది కాదు, ఉక్కు మూసలది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో 19వ శతాబ్దం దాకా చిన్న మట్టి మూసల్లో ఇనుమును కరిగించి ఊట్జ్ ఉక్కు తయారుచేశారు. 1820లలో ఆ పనిని భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీ స్వయంగా చూశాడు. ఆయన వర్ణన 1832లో అచ్చయింది. ఇక్కడి ఉక్కు కొనడానికి పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారు. ఆ మూసల రహస్యం ఊక. బంకమన్నులో వడ్ల ఊక దండిగా కలిపి కాలిస్తే ఊకలోని సిలికా, బొగ్గు గోడలో మిగిలి, 1,300 డిగ్రీలు దాటిన వేడిని రోజంతా తట్టుకునేవి. బసాల్టును కరిగించగల నిప్పు అది. ఉత్తర తెలంగాణ ఊళ్ల శివార్లలో ఇనుప చిట్టెం దిబ్బలు ఇప్పటికీ దొరుకుతాయి. నల్లగా, బుడగలు బుడగలుగా, ఎవరైనా లావా ముక్క అనుకునేలా ఉంటాయి.

అలాంటి పొరపాటు పెద్దవాళ్లే చేశారు. బళ్లారి, మహబూబ్‌నగర్ ప్రాంతాల బూడిద దిబ్బలను 19వ శతాబ్దంలో కొందరు అగ్నిపర్వతాల పనిగా భావించారు. 1950లలో ఎఫ్. రేమండ్ ఆల్చిన్ పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో తవ్వి, అవి కొత్తరాతి యుగపు పశువుల దొడ్లలో పేరుకున్న పేడ మళ్లీ మళ్లీ తగలబడిన గుట్టలని చూపాడు. గడ్డి ద్వారా పేడలోకి వచ్చిన సిలికా ఆ మంటలో కరిగి గాజుకట్టింది. ఇక నిజమైన అగ్నిపర్వత బూడిద తెలుగునేలపై మరోచోట ఉంది. సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రాలోని టోబా పేలినప్పుడు రాలిన బూడిద నంద్యాల దగ్గరి జ్వాలాపురంలో రెండున్నర మీటర్ల మందాన పేరుకుంది. 2007లో మైకేల్ పెట్రాగ్లియా బృందం దాని అడుగునా పైనా మానవుల రాతి పనిముట్లున్నాయని ప్రకటించాక ప్రపంచానికి ఆ ఊరు తెలిసింది. స్థానికులు మాత్రం అప్పటికే దాన్ని తవ్వి గిన్నెలు తోమే పొడికి అమ్ముకుంటున్నారు. సిలికా అంత ఎక్కువున్న గాజు ధూళి కుండల మీద మెరుపు పూతకు ముడిసరుకు కాగలదు; జపాన్ వంటి చోట్ల కుమ్మరులు అగ్నిపర్వత బూడిదను అలాగే వాడతారు.

జాతర, పెళ్లి

కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతి నుంచి ఉగాది దాకా సాగుతుంది. గుట్ట గుహలోని మూలవిరాట్టును మట్టితో చేశారని భక్తులు చెబుతారు. జాతర ముగింపు రోజుల్లో అగ్నిగుండాలు తొక్కుతారు. బోనాలు, పట్నాలు సరే సరి. గ్రానైటు గుట్ట, కాల్చని మట్టి దేవుడు, నిప్పుల గుండం, కాల్చిన కుండలో వండిన నైవేద్యం ఇంత దగ్గరగా మరోచోట కనిపించడం అరుదు. కొండపోచమ్మ గుడి దగ్గరా మట్టి కుండలో బోనం వండుకోవడం ఆనవాయితీ.

పెళ్లిలో ఐరేని కుండలది పెద్ద స్థానం. కుమ్మరింటికి డప్పులతో వెళ్లి, సున్నం, జాజు రంగులతో గీసిన కుండల్ని బియ్యం, కట్నం ఇచ్చి తెచ్చుకుంటారు. స్టీలు పాత్రలెన్ని వచ్చినా ఈ చోటు వాటికి దక్కలేదు. సిద్దిపేట జిల్లాలోదే అయిన చేర్యాల చిత్రకళకు భౌగోళిక గుర్తింపు ఉంది, కానీ అక్కడి బొమ్మల ముఖాలు చింతగింజల జిగురు, రంపపు పొట్టుతో చేసేవి, నిప్పు తగలనివి. మృత్తికా కళతో కలపకూడదు.

ఆధునిక శిల్పం, లావా పూతలు

అప్పటి మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన కె. లక్ష్మా గౌడ్ ప్రధానంగా ఎచింగులకు పేరుపొందినా టెర్రకోటలో, సిరామిక్‌లో కూడా విరివిగా పనిచేశాడు. ఆయన స్త్రీపురుష ముఖాలు, మేకలు కొండరాయిలా బరువుగా ఉంటాయి. బరోడాలో ఆయనకు గురువైన కె.జి. సుబ్రమణ్యన్ కూడా మట్టి ఫలకాల మీద పనిచేసినవాడే.

లావాను నేరుగా అనుకరించే పూతలు వేరే కథ. వియన్నాలో పుట్టి లండన్‌లో స్థిరపడిన లూసీ రై, వియన్నా నుంచి లాస్ ఏంజెల్స్ వెళ్లిన నాట్జ్లర్ దంపతులు బుడగలు పగిలి గుంటలు పడిన మెరుపు పూతలను 20వ శతాబ్దపు గొప్ప పనుల స్థాయికి తీసుకెళ్లారు. ఇందులో ఒక పద్ధతి పూతలో సిలికాన్ కార్బైడ్ కలపడం. వేడికి అది వాయువు వదిలి పూతను నురగెత్తిస్తుంది. 1960, 70లలో పశ్చిమ జర్మనీ కర్మాగారాలు ఇదే పోకడను చౌక జాడీల మీద గుమ్మరించాయి. వాటిలో చాలావరకు అలంకారమే తప్ప నేలతో సంబంధం లేదు. క్యోటోలో నల్ల రాకు గిన్నెల పూతకు కామో నది రాయిని నూరి వాడే సంప్రదాయం సిద్దిపేట తత్వానికి దగ్గర. మన దేశంలో 1971లో పుదుచ్చేరిలో రే మీకర్, డెబొరా స్మిత్ మొదలుపెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ స్టూడియో సిరామిక్‌కు పెద్ద బడి అయింది. మీకర్ మట్టి ఇళ్లు కట్టి, ఇంటి లోపలే మంట పెట్టి ఇంటినంతటినీ ఇటుకలా కాల్చి చూపాడు.

ఇప్పుడు

ఈ వృత్తికి ఇప్పుడున్న చిక్కు మన్ను దొరకడం. మిషన్ కాకతీయ కింద 2015 నుంచి పూడిక తీసిన చెరువుల ఒండ్రు పొలాలకు వెళ్లింది, రైతుకు లాభమే. 50 టీఎంసీల మల్లన్నసాగర్ జలాశయం కింద వేములఘాట్ వంటి ఊళ్లు మునిగాయి, వాటి చెరువులూ మునిగాయి. పునరావాస కాలనీలో సారె పెట్టుకోవచ్చు గానీ ఆవం వేయడానికి ఖాళీ జాగా, దాని పొగను ఓర్చుకునే ఇరుగుపొరుగు కావాలి. ఖాదీ గ్రామీణ పరిశ్రమల కమిషన్ 2018లో మొదలుపెట్టిన పథకం కింద దేశవ్యాప్తంగా కరెంటు సారెలు ఇచ్చారు. చేతికి శ్రమ తగ్గింది. ఆవం పద్ధతి అలాగే ఉంది.

పక్కనే కరీంనగర్ గ్రానైటు పరిశ్రమ ఉంది. కోత, పాలిష్ వల్ల వచ్చే రాతిపిండి వ్యర్థంగా పోతుంది. డోలరైటు, బసాల్టు జాతి నల్లరాయి పిండి 1,200 డిగ్రీల పైన దానంతట అదే కరిగి గోధుమ, నలుపు మెరుపు పూత అవుతుంది. గ్రానైటు పిండికి మాత్రం కరగడానికి సున్నమో కట్టెల బూడిదో తోడు కావాలి. పూత సరుకు దాదాపు ఉచితమే. కొరవడేది ఆ వేడి అందించే గ్యాసు కొలిమి, అంత వేడికి కూలిపోని మన్ను మిశ్రమం. చెరువు మన్నులో ఇనుము, సున్నం ఎక్కువ కాబట్టి వెయ్యి దాటగానే మెత్తబడి ఒరిగిపోతుంది. కేయొలిన్, ఊక బూడిద కలిపి దాన్ని నిలబెట్టాలి.